గదికొక పూలకుండీ

“పూలమొక్కలు పెరడు గలవారికి గాని, పదియడుగుల గదిలో కాపురము చేయు మనకెందుకు?” అని మన ముంబయి తెలుగువారిలో పెద్దలు పలువురు అనుచుందురు. ఈ మాటలో నిజమున్నట్లు పైకి తోచును గాని, విచారించి చూచినచో లేదు. గది యెంత చిన్నదైనను ప్రతి తెలుగింట ఒక కుండీ యుండవలెననియు, అది ఆ యింటి బడిపిల్లల చేతిమీదుగా పెరుగవలెననియు, అందులకు ఈ మాఘ ఫాల్గుణ మాసములే తగిన తరుణమనియు మేము తలంచుచున్నాము. మా తలంపునకు గల కారణములను విద్యార్థుల యెదుటను, వారి తల్లిదండ్రుల యెదుటను ఉంచుచున్నాము.

ఈ నగరమున చలి యనునది పేరునకు మాత్రమే. ఇక్కడ మంచు కురిసి ఆకులు మాడుట లేదు. పుష్యమాసమున కొన్నాళ్ళు చల్లగాలి వీచి, మాఘము వచ్చునప్పటికే వసంతము గుమ్మములో నిలుచును. ఆ దినములలో కామాఠిపుర నుండి బైకుల్లా వైపు నడచి రాణీబాగులో అడుగు పెట్టినవారికి ఈ సంగతి తెలియగలదు. 1862లో ప్రజలకు తెరువబడిన ఆ తోట నేడు వీరమాత జిజాబాయి భోసలే ఉద్యానమను పేర నున్నది. ఆకులు రాలిన కొమ్మలపై ఎఱ్ఱని బూరుగుపూలు, బర్మాదేశము నుండి వచ్చిన ఊర్వశి చెట్టునకు వ్రేలాడు పూలగుత్తులు అచ్చట చూడవచ్చును. నగరపాలక సంస్థవారు సంవత్సరారంభమున పుష్పప్రదర్శనము జరుపుటయు అక్కడనే. తూర్పు రహదారిపై విక్రోలి యొద్ద తబెబూయా చెట్లు గులాబిరంగున పూచినపుడు బాటసారులు ఆగి చూచుచుందురు. ఇవి యన్నియు చూడవలసినవే. కాని చూచి వచ్చిన పూవునకును, పెంచి పూయించిన పూవునకును భేదము కలదు. మొదటిది వేడుక; రెండవది విద్య.

పూల సంగతి చెప్పుచు పూర్వుల సంగతి తలచుట అప్రస్తుతము కాదు. కామాఠిపుర యను పేరే మనవారి పని నుండి వచ్చినది. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట పూర్తియై, సముద్రపు పోటు లోనికి రాకుండ నిలిచిన పిమ్మట, పల్లపు నేలలు క్రమముగా నివాసమునకు యోగ్యములయ్యెను. పదునెనిమిదవ శతాబ్ది చివరి నుండి నైజాము రాజ్యపు తెలుగు పల్లెలను విడిచి మట్టిపనికిని, రాతిపనికిని, కట్టడపు పనికిని వచ్చిన కామాఠీలు అక్కడ స్థిరపడిరి. తరువాత నూలుమిల్లులు వెలసినపుడు పద్మశాలీలు తమ మగ్గపు విద్యతో వచ్చి వర్లీ, పరేలు మొదలగు పేటల చాళ్ళలో నిలిచిరి. 1982 నాటి గొప్ప సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినను, మనవారి కాపురములు నిలిచియే యున్నవి. ఈ నగరపు మట్టిని త్రవ్వి, తలపై మోసి, పునాదులు నింపినవారి మనుమలకు కుండీలో దోసెడు మట్టి నింపుకొను యోగ్యత లేదని యెవరనగలరు?

మరియొక సంగతి. పూలను పేర్చి దేవతగా కొలుచువారము మనము. శరత్కాలమున బతుకమ్మ పండుగ వచ్చినపుడు చాళ్ళ ముంగిళ్ళలో మన స్త్రీలు చప్పట్లు చరచుచు ఆడుదురు. కాని ఆ పూలలో పెక్కు దాదరు పూలబజారు నుండి కొని తెచ్చినవే. తంగేడును, గునుగును చెట్టుననే పూయగా చూచిన బాలబాలికలు మన తరగతులలో ఎందరు? ఉగాది పచ్చడికి వేపపూవు సైతము కొందరిళ్ళకు పొట్లముగా అంగడి నుండియే వచ్చుచున్నది. పూవనగా తూచి అమ్ము సరకని తలచు పిల్లలు పెరుగుచున్నారు. ఇది వారి దోషము కాదు. వారికి కలిగిన లోటు. ఈ లోటు తీర్చుటకు వేసవి సెలవులలో ఊరికి పోవువరకు వేచియుండ నక్కరలేదు.

ఇక ఆక్షేపణలను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటిది, చోటు లేదనుట. గది లోపల లేకపోవచ్చును. కాని చాల్ గదికి ముందు గ్యాలరీ కలదు. దాని ఊచల ప్రక్క జానెడు వెడల్పు చాలును. అయితే గ్యాలరీ అందరిదియు. నడచు దారి అడ్డగింపరాదు. ఇరుగు పొరుగు వారితో ముందుగా ఒక మాట చెప్పి, వారి సమ్మతి పొందియే కుండీ పెట్టవలెను. కుండీని ఊచలకు లోపలి వైపుననే ఉంచి ఇనుప తీగతో గట్టిగా కట్టవలెను. మూడవ అంతస్తు గోడమీద నుండి జారిన కుండీ క్రింద నడచువారి ప్రాణము తీయగలదు. ఈ ఒక్క నియమమును పాటింపలేనివారు మొక్కను పెంచకుండుటయే మేలు.

రెండవది, నీళ్ళు లేవనుట. కుళాయి వచ్చు ఆ కొద్ది సేపటిలో బిందెలు నింపుకొనుటయే కష్టమని మే మెరుగుదుము. కాని మేము చెప్పబోవు మొక్కలకు దినమున కొక చెంబెడు నీరు సైతము అవసరము లేదు. బియ్యము కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు మోరీలో పారబోయుటకు బదులు కుండీలో పోసిన చాలును. సబ్బునీళ్ళు, ఉప్పు కలిసిన నీళ్ళు మాత్రము పోయరాదు.

మూడవది, చదువు చెడుననుట. మొక్కకు దినమున కావలసినది రెండు నిమిషముల సేపు. ఆ రెండు నిమిషములలో విద్యార్థికి కలుగు లాభము తక్కువ కాదు. వేరు నీటిని పీల్చుట, ఆకు వెలుతురు వైపు తిరుగుట, మొగ్గ విచ్చుట, విత్తనము పండుట అను పాఠములు పుస్తకమున బొమ్మలుగా నున్నవి. కుండీలో అవియే కన్నుల యెదుట జరుగును. కన్నుల చూచినదానిని కంఠస్థము చేయ నక్కరలేదు.

నాల్గవది, ఈ పొగలో, దుమ్ములో మొక్క బ్రదుకదనుట. దీనికి దూరదేశపు ముచ్చట ఒకటి సమాధానము చెప్పును. లండను నగరపు తూర్పుభాగమున, శ్రామికులు నివసించు పేటలో, నథానియేల్ వార్డు అను వైద్యుడుండెను. బొగ్గుపొగ వలన ఆయన పెంచిన ఫెర్ను మొక్కలన్నియు చచ్చిపోవుచుండెను. 1829లో ఆయన పురుగు గూటిని పరిశీలించుటకై కొంత తడిమట్టితో నొక గాజుసీసాలో ఉంచి మూతపెట్టెను. కొన్నాళ్ళకు ఆ మట్టిలో ఒక ఫెర్ను మొలకయు, ఒక గడ్డిపరకయు తలయెత్తినవి. బయట చచ్చు మొక్క సీసా లోపల కొన్నేండ్లు బ్రదికెను. దానిని చూచి ఆయన గాజుపెట్టెలు చేయించి, 1833లో వానిలో మొక్కలనుంచి ఓడపై ఆస్ట్రేలియా వరకు పంపెను. అవి సజీవముగా చేరినవి. తరువాత చైనా నుండి తేయాకు మొక్కలు హిమాలయ ప్రాంతములకు వచ్చినది ఇట్టి పెట్టెలలోనే. విశాలమైన ఉద్యానమున గాక, పొగమూగిన ఇరుకు పేటలో, ఒక సీసాలో ఈ విద్య పుట్టెను. మనకు గాజుపెట్టెలు అక్కరలేదు. వారమున కొకసారి తడిగుడ్డతో ఆకులపై దుమ్ము తుడిచిన చాలును.

ఐదవ ఆక్షేపణ నేడు అన్నిటికంటె బలమైనది. “ఈ చాళ్ళు పడగొట్టబోవుచున్నారట, ఉండునో ఉండదో తెలియని యింట మొక్క యెవరు నాటుదురు?” అని. కామాఠిపురను మొత్తముగా పునర్నిర్మింపవలెనని ప్రభుత్వమును, మ్హాడా సంస్థయు పూనుకొనిన మాట నిజమే. వర్లీ బి.డి.డి. చాళ్ళలో నూటయరువది చదరపుటడుగుల గదులలో నుండిన కుటుంబములు కొన్నిటికి, 2025 ఆగస్టులో ఎత్తైన భవనములలో ఐదువందల చదరపుటడుగుల ఇండ్ల తాళపుచెవు లిచ్చిరి. మన వంతు ఎప్పుడు, ఎట్లు వచ్చునో గాని, ఇంటిని వెంట తీసికొని పోజాలము; గోడను తీసికొని పోజాలము; కుండీని చేతబట్టుకొని పోవచ్చును. అందుచేతనే కదలు కాలమున చెట్టుకంటె కుండీ మేలు. క్రొత్త భవనమున తలుపులు మూసియుండును. గ్యాలరీలో నిలుచుండి పొరుగువారితో మాటలాడు అలవాటు తగ్గును. పాత చాల్‌లో ఒకరి నుండి మరియొకరు తీసికొనిన కొమ్మ అచ్చట పూచినపుడు, ఆ పొరుగు జ్ఞాపకము వచ్చును. కావున ఇల్లు కదలబోవుచున్నదని వెనుదీయరాదు. ఇల్లు కదలబోవుచున్నది గనుకనే నాటవలెను.

ఇక ఏ మొక్కలు? మొదట పెంచువారు గులాబిని కోరుట సహజము. కాని గులాబికి ఎండ, ఎరువు, పురుగుల మందు, ఓర్పు అన్నియు కావలెను. మొదటి మొక్క చచ్చినచో పిల్లల ఉత్సాహము దానితోనే చచ్చును. కావున సులువుగా బ్రదుకు వానితోనే ప్రారంభింపవలెను.

గ్యాలరీకి నాలుగైదు గంటల ఎండ తగులుచున్నచో బిళ్ళగన్నేరు మొదటిది. గోడ పగుళ్ళలో సైతము మొలచునది కుండీలో మొలవదా? తెల్లనిదియు, గులాబిరంగుదియు ఏడాది పొడవునను పూచును. రెండవది నాచుపూవు. దీనినే గడ్డిగులాబి యందురు. బెత్తెడు కొమ్మను తుంచి మట్టిలో గ్రుచ్చిన చాలును, వేరు తొడుగును. ఎండ యెంత యెక్కువైన అంత పూచును; ఉదయము పూచి మధ్యాహ్నము దాటిన పిమ్మట ముడుచుకొనును. మాఘమున గ్రుచ్చిన కొమ్మ, ఎండలు ముదురు చైత్రమునకు కుండీ నిండ రంగులు చిమ్మగలదు. మూడవది చంద్రకాంత. నల్లని మిరియపు గింజవంటి దాని విత్తనమును మట్టిలో వేసిన చాలును. పిల్లలు బడినుండి వచ్చి పలక సంచి దింపిన పిమ్మట, సాయంవేళ ఇది పూచును. బంతి విత్తనములను కార్తికమున చల్లినచో సుమారు రెండు మాసములలో పూయ మొదలిడును. మాఘమునకు గుమ్మమున కట్టుకొన మన బంతిపూలు మనకుండును.

ఎండ తగులని గ్యాలరీలు, వెనుక గదులు పెక్కు కలవు. వారును నిరాశ చెందనక్కరలేదు. మనీప్లాంటు వెలుతురు కొద్దిగానున్నను పెరుగును. వాము ఆకు మొక్కకు ఉదయపు ఎండ కొంచెము తగిలిన చాలును. కొమ్మ విరిచి నాటిన బ్రదుకును. శనగపిండిలో ముంచి బజ్జీలు వేసికొనవచ్చును. కలబంద నీరు లేక పక్షము దినములైనను ఓర్చుకొనును. పూవు లేదని వీనిని చిన్నచూపు చూడరాదు. క్రొత్త ఆకు విప్పుకొనుట సైతము ఒక వేడుకయే. ఇక తులసి మనవారి ఇండ్ల కెల్ల తెలిసినదే; దానికి మాత్రము ఎండ తప్పదు.

వీనిలో ఒకటి రెండు బ్రదికించిన పిమ్మట, రెండవ యేట మల్లెకు పూనుకొనవచ్చును. మార్గశిర పుష్యములలో మల్లె కొమ్మలను కత్తిరించి, కొన్నాళ్ళు నీరు తగ్గించి, పిదప ఎరువు వేసి నీరు పోసినచో, ఫాల్గుణ చైత్రములలో క్రొత్త చిగుళ్ళతో మొగ్గలు వచ్చును. ఉగాదినాడు తన కుండీలోని మల్లెమొగ్గను తల్లి జడలో తురిమిన బిడ్డకు కలుగు ఆనందము, దాదరు బజారులో మూర కొలిచి కొనిన దండ వలన కలుగదు.

పెంచు విధమును కొంచెము చెప్పుదుము. కుండీ కొననక్కరలేదు. పాత నూనెడబ్బా, రంగుల బకెట్టు, పగిలిన బిందె ఏదైనను పనికివచ్చును. అడుగున రెండు మూడు రంధ్రములు మాత్రము తప్పక యుండవలెను. మట్టి రెండు పాళ్ళు, మాగిన ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలుపవలెను. క్రొత్తగా పెంచువారి మొక్కలు దాహముతో చచ్చుటకంటె, ముద్దుచేసి పోసిన నీటితో వేరు క్రుళ్ళి చచ్చుటయే ఎక్కువ. వ్రేలిని మొదటి కణుపు వరకు మట్టిలో గ్రుచ్చి చూచి, పొడిగా నున్నచో పోయవలెను; తడిగా నున్నచో మానవలెను. ఇంతకు మించిన శాస్త్రము మొదటి సంవత్సరమున అవసరము లేదు.

రెండు మూడు హెచ్చరికలు. కుండీ క్రింది పళ్ళెములోను, మనీప్లాంటు ఉంచిన సీసాలోను నిలిచిన నీటిలో డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ గుడ్లుపెట్టును. ఆ గుడ్డు దోమయై యెగురుటకు ఇంచుమించు ఏడు నుండి పది దినములు పట్టును. కావున వారమున కొకసారి, శనివారమని యొక దినము నిర్ణయించుకొని, ఆ నీటిని పారబోసి పళ్ళెమును తోమవలెను. వానకాలమున పళ్ళెములే తీసివేయుట మేలు. మనీప్లాంటును సీసాలో గాక మట్టిలో పెంచుట మరియు మేలు. ఇక ఆ తీగ ఆకు నమలినచో నోరు మండి వాచును. ప్రాకు పిల్లలకు అందకుండ ఉంచవలెను.

బిళ్ళగన్నేరు విషయమున ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మధుమేహము తగ్గునని కొందరు దాని ఆకులను నమలుచుందురు. అది విషపు మొక్క, నమలరాదు. అయినను దాని చరిత్ర గొప్పది. మధుమేహమునకు మందగునేమోయని జమైకా దీవి నుండి కెనడాకు వచ్చిన ఆ ఆకులను రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అను శాస్త్రజ్ఞులు పరిశోధించిరి. మధుమేహము తగ్గలేదు గాని, ఆ రసము రక్తమునందలి తెల్లకణములను తగ్గించుచున్నదని వారు గుర్తించిరి. 1958లో వారు ప్రకటించిన విన్‌బ్లాస్టిన్‌యు, తరువాత అదే మొక్క నుండి లభించిన విన్‌క్రిస్టిన్‌యు కాన్సరు చికిత్సలో వాడుకకు వచ్చినవి. పిల్లలకు వచ్చు రక్తపు కాన్సరునకు విన్‌క్రిస్టిన్ నేటికిని ముఖ్యమైన మందు. 1941లో వెలసిన టాటా స్మారక ఆసుపత్రి మన పరేలులోనే కలదు; దేశపు నలుమూలల నుండి కాన్సరు రోగులు చికిత్సకై అచ్చటికి వచ్చుచుందురు. మన గోడపగులులో నవ్వు మొక్కలో అట్టి మందు దాగియున్నదని తెలిసిన విద్యార్థి దానిని కలుపుమొక్క యని త్రొక్కడు. అయితే మొక్కలోని రసమును మందుగా మార్చు పని ప్రయోగశాలది, వైద్యునిది, మనది కాదు.

ఇటీవల మరియొక మాట ప్రచారమున నున్నది. ఇంట మొక్కలుంచినచో గాలి శుభ్రపడునని అంగళ్ళవారు చెప్పి హెచ్చు వెలకు అమ్ముచున్నారు. 1989లో అమెరికా వారి నాసా సంస్థ, మూసిన చిన్న పెట్టెలలో చేసిన ప్రయోగము ఈ మాటకు మూలము. మనము కాపురముండు గది మూసిన పెట్టె కాదు. తలుపు తీసినచో గాలి మారును. 2019లో వెలువడిన యొక పరిశీలన, గాలి శుభ్రపడుటకు చదరపు మీటరునకు పదుల నుండి వందల కొలది మొక్కలు కావలెనని తేల్చెను. కావున ఆ ఆశతో డబ్బు వెచ్చింప వలదు. మొక్కను పెంచుటకు మొక్క యను కారణమే చాలును.

మా మనసులోని ముఖ్యమైన మాట ఇంకను చెప్పవలసియున్నది. మన పిల్లలు వీధిలో మరాఠీని, హిందీని విందురు. బడిలో ఆంగ్లమును నేర్తురు. తెలుగు మాధ్యమపు తరగతులలో పిల్లల సంఖ్య ఏటేట తగ్గుచున్నది. పద్యములు పుస్తకములో నుండును. వ్యాకరణము పలకమీద నుండును. కాని ఇంటి తెలుగు ఎక్కడ నుండును? అది ఇంటి వస్తువులలో నుండును. వస్తువు లేనియింట దాని పేరు నిలువదు. బిళ్ళగన్నేరును చూడని పిల్లవానికి ఆ మాటతో పనియేమి? దానిని గ్యాలరీలో చూచిన నాడు పొరుగు అవ్వ సదాఫులీ యని పిలుచును. బాలుడు ఆ పేరును నేర్చును, తన పేరును చెప్పును. నాచుపూవు పదిగంటల వేళకు విచ్చును గనుక మరాఠీవారు నవ్వుచు ఆఫీస్ టైమ్ అందురు. చంద్రకాంతను గుల్‌బక్షీ యందురు. బంతిని ఝేండూ యందురు. మల్లెను మోగ్రా యందురు. కలబందను కోర్‌ఫడ్ అందురు. ఒక్కొక్క మొక్కకు రెండేసి పేర్లు నేర్చిన పిల్లవానికి రెండు భాషలును కూడివచ్చును. ఒకటి రెండవదానిని త్రోసివేయదు.

ఆ దినమే మన ఉగాది, వారి గుఢీ పాడ్వా. మనము వేపపూవును పచ్చడిలో కలుపుదుము. వారు వేపాకును బెల్లముతో నమలుదురు. చెట్టు ఒక్కటే, చేదు ఒక్కటే, సంవత్సరారంభమున చేదును మొదట రుచి చూడవలెనను బుద్ధియు ఒక్కటే. ఇట్టి పొరుగుదనమును పాఠముగా బోధించుటకంటె, పూచిన కొమ్మను ఇచ్చిపుచ్చుకొనుటచే నేర్పుట సులభము.

మొక్కల పుట్టుకను విచారించినచో మరియొక సంగతి తెలియును. బతుకమ్మలో మనము పేర్చు బంతి మెక్సికో దేశపుది. బిళ్ళగన్నేరు మడగాస్కరు దీవిది. నాచుపూవు దక్షిణ అమెరికాది; చంద్రకాంతయు అమెరికా ఖండపుదే. మనీప్లాంటు పసిఫిక్ సముద్రపు దీవులది. ఇవి యన్నియు వలస వచ్చినవే. వచ్చిన నేలలో వేరూనుకొని, అక్కడి భాషలో పేరు పొంది, అక్కడి పండుగలలో స్థానము సంపాదించుకొనినవి. బంతిని నేడు పరాయి పూవని యెవరును అనరు. మీ తాతముత్తాతలు ఎక్కడివారని యెవరైన మన పిల్లలను ప్రశ్నించినపుడు, వారు తలవంచుకొన నక్కరలేదని ఈ కుండీలు చెప్పగలవు.

ఇక మా సూచనలు. బడిపక్షమున ప్రతి సంవత్సరము కార్తికమున, ఎనిమిదవ తరగతి విద్యార్థుల కెల్ల నాచుపూవు కొమ్మయో, బిళ్ళగన్నేరు మొలకయో, బంతి విత్తనములో పంచిపెట్టవలెను. వీనికి ఖర్చు లేదు. నిరుటి మొక్కల నుండియే లభించును. ఫిబ్రవరిలో, పదవ తరగతి పరీక్షలకు ముందుగా, ఒక దినము బడి వరండాలో ఆ కుండీలను ప్రదర్శింపవలెను. కొని తెచ్చిన మొక్కకు బహుమానము వలదు. పెంచిన దానికే యియ్యవలెను. పెద్దపూవునకు గాక, ఒక్క కొమ్మ నుండి నలుగురు తోటివారికి పంచిన పిల్లకు మొదటి బహుమాన మియ్యవలెను. ప్రతి కుండీపై ఆ మొక్క పేరు తెలుగునను, మరాఠీలోను, ఆంగ్లమునను ఆ విద్యార్థియే తన చేతితో వ్రాయవలెను. ఆ మాసముననే అందరిని రాణీబాగునకు తీసికొనిపోయి, తమ కుండీలోని మొక్క బంధువులను అచ్చట గుర్తింప చేయవలెను.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. మీలో పెక్కుమంది పల్లెలో పూలచెట్ల నడుమ పెరిగినవారు, లేదా అట్లు పెరిగినవారి ఒడిలో పెరిగినవారు. ఏ పూవు ఏ వేళ పూచునో, ఏ ఆకు ఏ కూరకు పనికివచ్చునో మీకు తెలిసిన సంగతులు మా పుస్తకములలో లేవు. రాత్రి భోజనమైన పిమ్మట కుండీ దగ్గర కూర్చుండి రెండు మాటలు చెప్పుడు. పిల్లవాడు నీళ్ళొలికించినను, మట్టి చల్లినను కోపింపకుడు. మొక్క చచ్చినను మందలింపకుడు. మరియొక కొమ్మ తెచ్చి యిండు.

విద్యార్థులారా! ఈ పుట చదివిన పిమ్మట డబ్బులడుగ వలదు, అంగడికి పోవలదు. మీ గ్యాలరీలో ఎవరి కుండీలో నాచుపూవున్నదో చూడుడు. వారిని మర్యాదగా అడిగి బెత్తెడు కొమ్మ తెచ్చుకొనుడు. దానిని ఈ మాఘమున నాటినచో ఉగాదికి పూవు చూతురు. పూచిన పిమ్మట మరియొకరు వచ్చి కొమ్మ అడుగుదురు. అప్పుడు లేదనకుడు.